అందే ఎత్తులో అరలు

తమిళనాడులోని ధర్మపురి బస్టాండుకు దగ్గర్లో, చెప్పుల కొట్టు మీద మేడగదిలో నా పని. కింద బోర్డు మీద కౌన్సెలర్ అని రాసి ఉంటుంది. బోర్డు పెట్టిన కొత్తలో నా దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామంది వీధిదీపం వెలగలేదనో, మురుగుకాలువ తీయలేదనో చెప్పడానికి వచ్చారు. వార్డు కౌన్సిలర్‌కూ నాకూ తేడా చెప్పి పంపించేదాన్ని. ఒక పెద్దాయన మాత్రం, "ఆయన వినడు, నువ్వన్నా విను" అని కూర్చుని దీపం సంగతంతా చెప్పుకుని, తేలికపడి మెట్లు దిగాడు. నా వృత్తిలో మొదటి విజయం అదే. దీపం ఇంకా వెలగలేదు.

నేను చదివింది పోస్ట్‌మోడర్న్ పద్ధతులు. "పోస్టు అంటే గవర్మెంటు పనే గదా" అని మా నాన్న కొన్నాళ్ళు చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. ఆయన్ని కూర్చోబెట్టి వివరించాను. మనిషిలో ఏం చెడిందో వెతకడం కాదు నాన్నా, చెడకుండా ఏం మిగిలిందో వెతకడం. ప్రతి మనిషి మీదా చుట్టూ ఉన్నవాళ్ళు ఒక కథ అల్లి పెట్టి ఉంటారు, అందులో ఇమడని సంగతులు కొన్ని పక్కన పడి ఉంటాయి, వాటిని అడిగి అడిగి బయటికి తీసి ఆ మనిషి చేతే కథ మళ్ళీ చెప్పించడం.

"అంటే కతలు సెప్పేవాళ్ళను తిట్టకుండా కుర్చీ ఏసి కూర్చోబెడతావు" అన్నాడు.

ఇంచుమించు అంతే నాన్నా అన్నాను.

ఇది అలా కుర్చీ వేసి కూర్చోబెట్టిన ఒక ఆమె సంగతి. రాసుకుంటానంటే, "పేరు వద్దు, ఊరు పెట్టుకోండి" అంది. ఊరు కడత్తూరు. అక్కడ వాళ్ళకు కిరాణా అంగడి ఉంది. భర్త పోయి ఏడాది కాలేదు. ఆమెను వెంటబెట్టుకుని వచ్చింది బావగారు, భర్తకు అన్న. అత్తగారు కూడా వచ్చింది కానీ గోడవారగా కూర్చుని ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయింది.

అతను తమిళంలో మాట్లాడాడు. ఆ మాటల్ని ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

"మేడమ్, మా మరదలికి మతి సరిగా లేదు. తమ్ముడు పోయినప్పటి నుంచి ఇంతే. మొన్నొక రోజు మిట్టమధ్యాహ్నం అంగడి షట్టరు లోపలి నుంచి వేసుకుంది. ఎంత బాదినా తియ్యలేదు. నలుగుర్ని పిలిచి బయటి నుంచి లేపితే, పప్పులూ బెల్లమూ చింతపండూ అంతా నేలమీద. నడుమ ఈమె. జుట్టునిండా పిండి. ఆరోజు నుంచి అంగడి తాళం నా దగ్గరే ఉంది. ఏడాది కర్మ రోజు పెద్దలు కూర్చుని అంగడి ఎవరు చూసుకోవాలో తేలుస్తారు. ఈమె వల్ల కాదని మీరు ఒక మాట చెప్తే చాలు. ఆమె మంచికే."

అలా అని, ఆమె వైపు కొంచెం వంగి, అదే మెత్తని గొంతుతో తెలుగులో అన్నాడు.

"ఎక్కువ మాట్లాడొద్దు. నిద్ర పట్టలేదని సెప్పు. రెండు కన్నీళ్ళు కారిస్తే ఇంకా మేలు, పని తొందరగా అవుతాది."

ఇక్కడి మా తెలుగువాళ్ళ అంగళ్ళలో ఇదొక అలవాటు. గడప దాటితే అంతా తమిళమే. కానీ ఎదురుగా నిలబడిన గిరాకీకి ధర తగ్గించాలా, పాత సరుకు ముందు పోనివ్వాలా అన్నవి మాత్రం ఆ మనిషి ముక్కు ముందే తెలుగులో తేల్చుకుంటారు. అర్థం కాదన్న ధీమా. నేను అలాంటి అంగడి వెనక గదిలోనే పెరిగాను. నా తమిళంలో తెలుగు వాసన రాదని కాలేజీలో మెచ్చుకునేవాళ్ళు. ఆ మెచ్చుకోలు అక్కరకొచ్చింది ఆరోజే. పాత సరుకు అంటగట్టించుకుంటున్న గిరాకీలాగా అమాయకంగా తలాడించాను. నా ముఖానికి అమాయకత్వం పెద్దగా శ్రమ లేకుండానే వస్తుంది.

అతన్నీ అత్తగారినీ కిందికి వెళ్ళి టీ తాగి రమ్మన్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగాక తెలుగులో అడిగాను. "నిద్ర పట్టలేదా, పట్టలేదని సెప్పాలా?"

ఆమె తలుపు వైపు చూసింది, నా వైపు చూసింది. "మీరు మనవాళ్ళా అక్కా?"

"నేను మనవాళ్ళే. మీ బావ ఎవురివాడో ఇంకా తేల్లేదు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. తనకు మతి లేదంట. మొగుడు పోయినాక చెయ్యి ఆడదంట. గిరాకీలు అందుకే తగ్గినారంట. అన్నీ అంటలే. గిన్నెకు అడుగంటినట్టు ఆమెకు ఊరివాళ్ళ మాటలు అంటుకుని ఉన్నాయి. గీకితే గానీ లోపలి లోహం కనబడదు.

"సరే, పిచ్చి అనే అనుకుందాం. అది ఎప్పుడెప్పుడు వస్తాది మీ ఇంటికి?"

ఆలోచించి చెప్పింది. "బావ వచ్చినప్పుడు వస్తాది."

"ఆయన పోతే?"

"ఆయన ఎనకాలే పోతాది."

ఇక మా పద్ధతిలో అందరూ అడిగే ప్రశ్న ఒకటి ఉంది. రాత్రి నిద్రలో ఏదో అద్భుతం జరిగి కష్టమంతా తీరిపోతే, పొద్దున లేవగానే ఆ సంగతి నీకు దేన్నిబట్టి తెలుస్తుంది? చదువుకునేటప్పుడు గంభీరంగా ఉండేది ఈ ప్రశ్న. మా జిల్లాలో అడిగితే ఎక్కువమంది, "కొళాయిలో కావేరి నీళ్ళు వస్తా ఉంటాయి" అంటారు. ఆమె కూడా అదే అంటుందని సిద్ధపడి అడిగాను.

"కందిపప్పు డబ్బా నడుమెత్తు అరలో ఉంటాది" అంది.

నాకేమీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు అయినట్టు తలాడించకూడదన్నది నేను ఈ వృత్తిలో పాటించగలిగిన ఒకే ఒక్క నియమం. కందిపప్పు గురించి చెప్పమన్నాను.

ఆమె భర్త బాగా పొడుగు మనిషి. అరలన్నీ తన చేతి అందుబాటులో తానే బిగించుకున్నాడు. ఎక్కువగా అమ్ముడయ్యేవి అతని భుజమెత్తులో, అంటే ఆమె తలకు పైన. అతను ఉన్నన్నాళ్ళూ ఆమె తూకం వేసేది, అతను అందించేవాడు. పోయాక, పావు కిలో పప్పుకు కూడా ఆమె స్టూలు ఎక్కాలి, దిగాలి, మళ్ళీ ఎక్కి డబ్బా పెట్టాలి. గిరాకీలు నిలబడి నిలబడి పక్క అంగడికి పోసాగారు. అరలు మారుద్దామంటే, ఏడాది తిరిగేదాకా పోయినవాని చెయ్యి పెట్టినదేదీ కదిలించకూడదని వాళ్ళ ఇంటి కట్టు. ఆ కట్టును గట్టిగా పట్టుకున్నది బావగారు.

"అందుకని షట్టరు ఏసుకున్నాను. అన్నీ దించి, కింద అరలు తుడిసి, నా సేతికి అందేట్ల సర్దుకుందామని. సగం పని అయినాక బావ వచ్చి బాదినాడు. తెరిస్తే ఆపుతాడని తెరవలేదు."

"మరి ఆ మాట వాళ్ళకు సెప్పలేదా?"

కొంగు చివర వేలికి చుట్టుకుంది. తర్వాత నిదానంగా అంది. "సెప్తే, మొగుడు పెట్టినదాన్ని అప్పుడే కదిలించినావా అంటారు. పిచ్చిదంటే పడతాను అక్కా. ఆయనంటే ప్రేమ లేదంటే పడలేను."

సాధారణంగా ఇలాంటి చోట నేను ఏదో ఒక తెలివైన ప్రశ్న వేస్తాను. ఆరోజు వెయ్యలేదు. కింద నుంచి టీ వాసన, ఆ వెనకే బావగారి దగ్గు పైకి వచ్చాయి.

"మీ అత్తను ఒక మాట అడగనా, నీ ముందరే?" అన్నాను. "ఆరోజు ఆమె ఏం సూసిందో. అంతే." భయంగానే ఒప్పుకుంది.

తర్వాతి వారం ముగ్గురూ మళ్ళీ వచ్చారు. "ఏం తేల్చారు మేడమ్?" అని తమిళంలోనే అడిగాడు అతను. తేల్చడం నా పని కాదని, అడగడమే నా పనని చెప్పి, అత్తగారి వైపు తిరిగాను. షట్టరు లేపినప్పుడు లోపల ఏం కనబడిందమ్మా అని తమిళంలోనే అడిగాను.

పెద్దామె ఫ్యాను మీంచి చూపు దించింది. ఆమె తెలుగులోనే మాట్లాడింది, నాకు అర్థమవుతుందా లేదా అన్న చింత లేకుండా.

"తెల్లగుడ్డ పరిసి ఉండింది. గుడ్డ మింద పప్పు కుప్ప, పక్కనే వేరేగా పెసలు. బెల్లం డబ్బాకు సీమలు పట్టకుండా కింద నీళ్ళ పళ్ళెం పెట్టి ఉండింది. నేల మింద ఒక్క గింజ పడలే."

కోడలు తలెత్తింది. "నువ్వు సూసినావా అత్తా?"

"కండ్లుండాయి గదా."

"మరి ఆ పొద్దే ఎందుకు సెప్పలే?"

"ఎవురు అడిగినారు? వాడు అరుస్తా ఉండాడు, ఊరోళ్ళు లోపలికి తోసుకుంటా ఉండారు. నన్ను మంచినీళ్ళు తెమ్మన్నారు, తెచ్చినాను."

బావగారు అదే మెత్తని గొంతుతో, అదే తెలుగులో, పళ్ళు బిగబట్టి అన్నాడు. "అమ్మా, నువ్వు నోరు మూసుకో. ఈ మేడమ్‌కేమీ అర్థం కాదు, నేను సర్దుకుంటాను."

"ఆమెను మాట్లాడనియ్యండి అన్నా" అన్నాను, మా అంగడి వెనక గది తెలుగులో. "సర్దేదాన్ని సర్దనియ్యలేదు, మీరెట్ల సర్దుకుంటారు?"

అప్పుడు అతని ముఖం చూసి నాకు సంతోషం కలిగిందన్నది దాచను. ఏ పక్షమూ వహించకూడదని నాకు బాగానే నేర్పారు. నేర్చుకోవడంలోనే నేను కొంచెం వెనక. అతను తడబడి, మనవాళ్ళని ముందే చెప్పుంటే బాగుండేదని, అంతా ఆమె మంచికేనని, పోయినవాడి గుర్తులు చెదరకూడదనే తన బాధని చెప్పుకొచ్చాడు. అందులో కొంత నిజమే కావచ్చు. తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు అతను కూడా.

అప్పుడు ఆమె మాట్లాడింది. బావగారి వైపే తిరిగి కూర్చుంది.

"బావా, ఆయన గుర్తులు అరల్లో లేవు. నేను అరలు దించుకుంటాను. ఏడాది తిరిగేదాకా ఆగితే అంగడి ఉండదు. నన్ను పిచ్చిదనుకున్నా సరే, పెద్దల ముందర ఇదే సెప్తాను."

పెద్దామె అరచెయ్యి చాచింది, కొడుకు వైపు. "తాళం ఇయ్యి."

అతను తాళం తల్లి చేతిలో పెట్టలేదు. నా బల్ల మీద పెట్టాడు, నేనేదో కొనుక్కున్నట్టు. "ఇన్నాళ్ళూ ఈడినుంచి సరుకు తెచ్చి ఇచ్చినాను, ఇంక తేను. ఎవురు తెస్తారో సూస్తాను" అన్నాడు.

"నేనే వస్తాను. ధర్మపురికి బస్సులుండాయి" అని ఆమె తాళం తీసి కొంగున ముడేసుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నేను కడత్తూరు వెళ్ళాను. సంత రోజు కావడంతో అంగడి ముందు జనం. పప్పులు, ఉప్పు, చింతపండు అన్నీ ఆమె నడుమెత్తులోకి దిగి ఉన్నాయి. పై అరల్లో ఖాళీ డబ్బాలు. పెద్దలు ఏమన్నారని అడిగాను. గొణిగారట, కర్మ భోజనం చేసి వెళ్ళారట. కాదని మాత్రం ఎవరూ అనలేదట. బావగారు ఇప్పటికీ లోపలికి రాడు. వీధిలో కనబడినవాళ్ళతో, మా మరదలు ఇంకా సరి కాలేదని చెబుతూనే ఉంటాడట.

"ఊర్లో ఇంకా పిచ్చిదనే అంటా ఉండారా?" అన్నాను.

"కొందరు అంటా ఉండారు అక్కా" అంది తక్కెడలో శనగలు పోస్తూ. "అననీండి. పిచ్చిదాని అంగట్లో తూకం సరిగ్గా ఉంటాదని కూడా వాళ్ళే అంటా ఉండారు."

వెనక నుంచి ఎవరో తమిళంలో, త్వరగా ఇవ్వమ్మా బస్సు పోతుందన్నారు. ఆమె నన్ను పక్కకు జరగమని చేత్తో సైగ చేసి, అటు తిరిగింది.