ఢిల్లీని తీసేస్తే

ఢిల్లీ చలికాలంలో దగ్గని మనిషిని అనుమానించాలి. నవంబరు వచ్చిందంటే ఢిల్లీని ఆనుకుని ఉన్న మా ఇందిరాపురం అపార్ట్‌మెంట్ టవర్‌లో దగ్గు కూడా పాలప్యాకెట్‌లాగా ఇంటింటికీ చేరుతుంది. స్నానాల గదుల వెనక పైపులు దిగే సందు ఒకటుంది. పై అంతస్తులో ఎవరైనా దగ్గితే ఆ సందులోంచి కింది అంతస్తు జవాబు చెబుతుంది. ఎదురింటి అంకుల్ తెల్లవారకముందే మొదలుపెడతాడు, ఆయన ఆపగానే మా ఆయన అందుకుంటాడు. "కాన్సర్ట్ శురూ" అని మా అమ్మాయి దుప్పటి ముఖం మీదికి లాక్కునేది. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు ఆసుపత్రి వరండాల్లో కూర్చునే తీరిక బోలెడంత దొరికింది కాబట్టి, ఆ నవ్విన రోజులను ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుంటున్నాను.

మాది హనుమకొండ. ఆయనది గోదావరిఖని దగ్గర బొగ్గుగనుల కాలనీ. కాలేజీలో కలిసి చదువుకున్నాం, అందుకే పెళ్ళయ్యాక కూడా 'నువ్వు' పోలేదు, పోట్లాటా పోలేదు. ఆయన నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నేను ఇంటికి దగ్గరలోనే ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. అమ్మాయి తొమ్మిదో తరగతి. మేం మాట్లాడే తెలుగంతా దానికి అర్థమవుతుంది కానీ, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది.

జనవరిలో ఒక శనివారం పోరు పెట్టి పెట్టి ఆయన్ని మార్కెట్లో ఉన్న క్లినిక్‌కి లాక్కెళ్ళాను. అక్కడి డాక్టర్ గారు మా ఆయనకంటే గట్టిగా దగ్గుతున్నారు. మాస్కు కిందికి లాగి ఒకసారి, పైకి లాగి ఒకసారి దగ్గి, "పొల్యూషన్ హై జీ, ఔర్ క్యా" అన్నారు. ఒక సిరప్ రాసి, వీలైతే వారం రోజులు సముద్రం వైపు ఎక్కడికైనా వెళ్ళి రమ్మని, మంచి గాలి తగిలితే అదే పోతుందని చెప్పారు. పోకపోతే ఏం చేయాలని అడిగాను. "తబ్ ఎక్స్‌రే కరా లేంగే" అన్నారు. అప్పుడు ఎక్స్‌రే తీయిద్దామన్న ఆ మాట మా ఆయన చెవిన అమృతం పోసింది. క్లినిక్ మెట్లు దిగుతుండగానే అండమాన్ పేరు బయటికొచ్చింది.

"దగ్గు నాది కాదే, ఈ ఊరిది. ఊరు దాటితే అది ఊర్లనే ఉండిపోతది" అన్నాడు.

"ఉండిపోకపోతే?"

"పోయొచ్చినంక చూద్దాం తియ్యి."

రెండు తెలియని రాశులు కలగలిసి ఉంటే ఒకదాన్ని తీసేసి చూడమని పిల్లలకు రోజూ చెప్పేదాన్ని నేనే. ఆయన దగ్గులోంచి ఢిల్లీని తీసేస్తే ఎంత మిగులుతుందో అక్కడ తేలుతుంది. సున్నా మిగిలితే గొడవే లేదు. ఆ లెక్క నాకు కూడా నచ్చింది, అబద్ధమెందుకు. సున్నా మిగలకపోతే ఏమిటన్నది ఇద్దరిలో ఎవరమూ పైకి అనలేదు. మార్చి మూడో వారానికి అమ్మాయి పరీక్షలూ, నా పేపర్లు దిద్దడమూ అయిపోతాయి కనుక అప్పటికి విమానం టికెట్లు తీసుకున్నాం.

ఫోన్లో చెబితే మా అమ్మ అదిరిపడింది. "అండమానా? పాతకాలంల ఖూనీలు చేసినోళ్లను తోలేసేటోళ్లు బిడ్డా ఆడికి. గోవా లేదా మీకు, ఊటీ లేదా?"

మా ఆయన నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "ఇప్పుడు మనమే సంబురంగ పోతున్నం అత్తమ్మా. అంత మంచిగుంటది" అని నవ్వబోయాడు. నవ్వు సగంలో దగ్గయింది. ఇంకా తగ్గలేదా అని అవతల అమ్మ అడిగింది. "ఢిల్లీ దగ్గు అత్తమ్మా, ఈడ అందరికి ఉంటది" అన్నాడు. ఆ మాట అప్పటికే ఆయన నోటికి ఊతపదమైపోయింది.

ఫిబ్రవరిలో బట్టలు కొనడానికి ఘాజియాబాద్‌లో ఒక మాల్‌కి వెళ్ళాం. అమ్మాయి టోపీల దగ్గర నిలబడి ఫొటోలు తీసుకుంటోంది. ఆయన నిక్కరు వేసుకుని చూడటానికి గదిలోకి వెళ్ళి, నడుము దగ్గర గుప్పెడు గుడ్డ పట్టుకుని బయటికొచ్చాడు. ఎప్పుడూ వేసుకునే సైజే అది. ఇంకో సైజు తగ్గించి తెప్పించుకున్నాడు, అదీ వదులే. "చూసినవా, కాలేజీ సైజుకు వచ్చిన" అని అద్దం ముందు అటూ ఇటూ తిరిగాడు. అక్కడ పనిచేసే అబ్బాయి కూడా "సర్ ఏక్‌దమ్ ఫిట్" అని సర్టిఫికెట్ ఇచ్చాడు. ఆఫీసులోనూ అందరూ ఏ జిమ్‌లో చేరావని అడుగుతున్నారట. జిమ్ సంగతి దేవుడెరుగు, లిఫ్ట్ రెండు నిమిషాలు ఆలస్యమైతే సెక్యూరిటీతో తగువు పెట్టుకునే మనిషి. ఏమీ చేయకుండా ఎవరు సన్నబడతారు? ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన అంత సంతోషంగా ఉంటే అక్కడ అనలేకపోయాను. ఆటోలో మాత్రం అన్నాను. ముందు ఎక్స్‌రే తీయించుకో, టికెట్లు ఎక్కడికీ పోవు అన్నాను. ఆయన ఇల్లు వచ్చేదాకా రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆయనకు ఆ ప్రయాణంలో ఉన్న అసలు ఆశ స్కూబా. నలభై దాటాక మా అపార్ట్‌మెంట్ల ఈతకొలనులో ఈత నేర్చుకున్న మనిషి. నీళ్ళ కింద ఊపిరి తీసుకోవడం ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని ఏళ్ళ తరబడి అంటున్నాడు. అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో మేం గది తీసుకున్న చిన్న హోమ్‌స్టే యజమాని ఆ ఏర్పాట్లు కూడా చేస్తాడని తెలిసి ఒక ఆదివారం మా ఆయన ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు. ఆ యజమాని తెలుగువాడే. తాతల కాలంలోనే శ్రీకాకుళం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డారట. ఆ యాస వినగానే మా ఆయన ముఖం విప్పారింది. చుట్టం దొరికినట్టు కబుర్లు మొదలయ్యాయి, ఏ చేప బాగుంటుంది, వాన పడుతుందా అని.

చివర్లో ఆ యజమాని అడిగాడు. "అన్నట్టు బాబూ, దగ్గూ ఆయాసం లాటివేటీ లేవు కదండి? అయ్యుంటే నీటి కిందికి దింపరండి. ముందే అడగమన్నారు."

"ఏం లేవండి. అందరం మంచిగున్నం" అన్నాడు మా ఆయన.

సరిగ్గా అప్పుడే లోపల దగ్గు లేచినట్టుంది. పెదవులు బిగించాడు. కళ్ళు నీళ్ళతో నిండాయి, మెడ మీద నరాలు తేలాయి, ముఖం ముందు ఎర్రబడి తర్వాత నల్లబడింది. అవతల ఆయన పాపం, పడవ వేళలు తీరిగ్గా చెబుతున్నాడు. మా ఆయన "ఊ, ఊ" అంటూ సోఫా చేతిని పట్టుకుని వేలాడుతున్నాడు. నేను ఫోన్ లాక్కుని మళ్ళీ చేస్తామని పెట్టేశాను. అప్పుడు వదిలాడు ఆ దగ్గు. బాల్కనీ కమ్మీ పట్టుకుని వంగిపోయి దగ్గాడు. లోపల ఏదో చిరుగుతున్నట్టే వినిపించింది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను.

కాసేపటికి తనే మాట్లాడాడు. "మా కాలనీల పొద్దున లేస్తె ఇంటింటికి దగ్గే. గనిల దిగెటోళ్లకు అది ఉండేదే అనుకునెటోళ్లం. నాయినది వేరే దగ్గని మాకెట్ల తెలుస్తది?"

వాళ్ళ నాన్న సంగతి పెళ్ళప్పుడే తెలుసు నాకు. ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడని ఒక్క ముక్కలో చెప్పారు. అంతకుమించి ఆయన ఏ రోజూ మాట్లాడలేదు, ఆ రోజు తప్ప. నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. అందుకే చెబుతున్నా, రేపే వెళదాం అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "ఒక్కసారి ఆ గాలి పీల్చి వస్తనే. అక్కడ కూడ తగ్గకపోతె నువ్వెక్కడికంటె అక్కడికి వస్త" అని ఒట్టేశాడు.

మొదట్లో ఆయన మొండితనమే అనుకున్నాను. ఆ తర్వాత చూస్తే, ప్రయాణం దగ్గరపడుతున్నకొద్దీ ఆయనే వెనక్కి తగ్గడం మొదలుపెట్టాడు. దీవుల మధ్య తిరిగే పడవకు టికెట్లు తీయమంటే రేపు అనేవాడు. సెలవు సంగతి మేనేజర్‌తో ఇంకా మాట్లాడలేదనేవాడు. "పాపా, ఫెర్రీ బుక్ కియా?" అని అమ్మాయి అడిగితే కసురుకున్నాడు, అది ముఖం చిన్నబుచ్చుకుని గదిలోకి పోయింది. అప్పుడర్థమైంది నాకు. ఇక్కడ ఉన్నంతకాలం ఢిల్లీ ఆయనకు అండ. ఆ దీవిలో చుట్టూ సముద్రమే, నేరం మోపడానికి పొగా లేదు, పొగమంచూ లేదు. అక్కడ దగ్గితే అది ఆయన దగ్గే. దానికి భయపడుతున్నాడు. నేనూ అంతకంటే తక్కువేమీ భయపడలేదు. ఇద్దరం సన్‌స్క్రీన్ గురించీ, చెప్పుల గురించీ మాత్రం తెగ మాట్లాడుకున్నాం.

హోలీ వెళ్ళిపోయింది. ఆ మర్నాటి నుంచి పడమటి గాలి పట్టుకుంది. బాల్కనీల్లో ఆరేసిన బట్టలు ఎగిరిపోయేంత గాలి. రెండు రోజులు దుమ్ము లేపి, మూడో రోజుకి ఊరిని కడిగి పెట్టింది. ఆ ఆదివారం పొద్దున లేచి చూస్తే ఆకాశం నీలంగా ఉంది. నీలం అంటే మా ఊళ్ళో కనిపించే నీలం. దూరాన గాజీపూర్ చెత్తకొండ కూడా అంచులతో సహా ముచ్చటగా కనిపించింది. టవర్ మొత్తం తలుపులు తెరుచుకున్నాయి. జనం గాలిని శుభ్రం చేసే ప్యూరిఫయర్లు తుడిచి అటక ఎక్కిస్తున్నారు. నేను టీ పెడుతూ, ఏదో లోటుగా ఉందేమిటా అనుకున్నాను. పైపుల సందులోంచి ఏ చప్పుడూ లేదు. పైన ఎవరూ దగ్గడం లేదు, కిందా లేదు. మా పడకగదిలోంచి మాత్రం వస్తోంది, ఆగి ఆగి, ఎప్పటిలాగే.

పదింటికి ఎదురింటి ఆంటీ హోలీకి చేసి మిగిలిన గుజియాలు, అదే మన కజ్జికాయల్లాంటివి, డబ్బాలో పెట్టుకుని వచ్చింది. పంజాబీ మనిషి, చేతికి ఎముక లేదు, నోటికి తాళం లేదు. గుమ్మంలో నిలబడే మొదలుపెట్టింది. "అంకుల్ కీ ఖాసీ బిల్కుల్ బంద్. హవా బదల్ గయీ నా" అని సంబరపడింది. గాలి మారగానే అంకుల్ దగ్గు పూర్తిగా పోయిందట, రాత్రి మధ్యలో లేవకుండా నిద్రపోయాడట. నేను బాగుంది ఆంటీ అంటున్నాను. అంతలో లోపల మా ఆయన దగ్గాడు. ఆంటీ మాట ఆపేసింది. నా భుజం మీదుగా లోపలికి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"భయ్యా కీ అభీ తక్ నహీ గయీ?"

ఇంకా పోలేదా అని. అంతే అడిగింది. డబ్బా నా చేతిలో పెట్టి, చెయ్యి ఒకసారి నొక్కి వెళ్ళిపోయింది. తలుపు వేసి వెనక్కి తిరిగితే ఆయన హాల్లో నిలబడి ఉన్నాడు. విన్నాడు.

వెళ్ళి బాల్కనీ తలుపు మూశాడు. వంటింటి కిటికీ మూశాడు. మూలనున్న ప్యూరిఫయర్‌ని మధ్యకి జరిపి, మీట నొక్కాడు. గాలి శుభ్రంగా ఉందని అది నీలి దీపం చూపించింది. ఆయన దాని ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నవ్?" అన్నాను.

"గాలి మంచిగ లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి ప్లగ్గు పీకేశాను. "ఇంకెవరి మీద పెడ్తవ్? పటాకుల పొగ అన్నవ్, పొలాలు కాలవెట్టిన పొగ అన్నవ్, మంచు అన్నవ్. గిప్పుడు ఏం అంటవ్? ఎదురింటాయన కూడ ఇదే గాలి పీల్చిండు, ఆయనకు పోయింది" అని అరిచాను. అమ్మాయి చెవుల్లో వైర్లతోనే పరుగున వచ్చి, మా ఇద్దరినీ చూసి గోడకి ఆనుకుని నిలబడిపోయింది. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది నాకు.

ఆయన చాలాసేపు తన అరచేతులే చూసుకున్నాడు.

"అండమాన్ దాక ఎందుకే, ఈడనే తేలిపాయె" అన్నాడు.

ఆ గొంతులో కోపం లేదు, మొండితనం లేదు. లేచి బాల్కనీ తలుపు తనే తెరిచాడు. గాలి లోపలికి వచ్చి దిద్దిన పేపర్లను నేల మీదికి తోసింది. అమ్మాయి వంగి ఏరసాగింది. ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"రేపు స్కూల్‌కు లీవ్ పెడ్తవా?" అని అడిగాడు. "ఒక్కణ్ణే దవాఖానకు పోబుద్ధయితలేదు."

ఇన్ని నెలలుగా నేను పోట్లాడింది ఆ మాట కోసమే. అది విన్నాక మాత్రం నాకు చెప్పలేనంత భయం వేసింది. మొండికెయ్యి, కసురుకో, పోయి నీ పేపర్లు దిద్దుకో అను, అని లోపల ఆయన్ని బతిమాలుకున్నాను. ఆయన నా ముఖంలోకి చూస్తూ జవాబు కోసం కూర్చున్నాడు. పెడతానన్నాను.