నా పేజీలో మా ఆయన మీసాలు

ఆడోళ్ల రిజర్వేషన్ పుణ్యమా అని నేను కౌన్సిలరైతిని. పదవి నాది, కుర్చీలో కూర్చునేది మా ఆయన. డోన్‌కు దగ్గర్లోని మా టౌన్లో అదేం వింత కాదులే. సంతకం కావాలంటే నన్ను పిలిపిస్తారు, పెట్టినాక కాఫీ ఇచ్చి ఇంటికి పంపిస్తారు. వార్డోళ్లు నన్ను ఎదురుగా పెట్టుకొని సార్ లేడా అని అడిగేవాళ్లు. ఒళ్లు మండేది.

అప్పుడప్పుడే నెట్ సెంటర్లు వస్తాండాయి. కర్నూల్లో ఎవరో లీడరు ఇంటర్నెట్లో జనంతో మాట్లాడతాండాడని విని, మా ఆయన మా కిరాణా కొట్టు పక్కనుండే నెట్ సెంటరాయనతో ఒక పేజీ పెట్టించినాడు. పేరు నాది. ఫోటో ఆయనది, మీసాలు దువ్వుకొని దండం పెడతా. దాని కింద ఎవడో 'మేడమ్, మీరు శానా అందంగుండారు' అని రాసినాడంట. నెట్ సెంటరాయన చెప్తే పడీపడీ నవ్వినా.

నవ్వు ఎంతసేపులే. వెనక వీధోళ్లు నీళ్లెప్పుడొస్తాయని ఆ పేజీలో అడగడం మొదలుపెట్టిరి. మా ఆయన కొట్లో పుట్టి కొట్లో పెరిగిన మనిషి. గల్లా పెట్టె ముందర కూర్చున్నోడి నోట లేదనే మాట రాకూడదని వాళ్ల నాయన నేర్పినాడు. కందిపప్పు అడిగితే రేపొస్తాది, చక్కెర అడిగితే రేపొస్తాది. నీళ్లకూ అదే జవాబు, అడిగినోళ్లందరికీ, నా పేరు మీద. నీళ్లు ఎందుకు రాలేదో కనుక్కుందామని ఆ మహానుభావుడికి తోచలేదు.

ఒకరోజు శెనక్కాయలు పీకే కూలికి పోయే ఆమె, వెనక వీధామె, మా గడప ముందర ఖాళీ బిందె దించింది. ఆమె అల్లుడు నెట్ సెంటర్లో నా జవాబు చూసి ఇంట్లో చెప్పినాడంట. అరవలేదు, తిట్టలేదు.

"నువ్వు రేపంటివని పనికి పోకుండా కొళాయి కాడ కూచ్చొంటి తల్లీ. ఈడ నీళ్లూ రాలే, ఆడ కూలీ పాయె."

నేనెప్పుడంటి అని నోటిదాకా వచ్చింది. అంటే మాత్రం ఆమె కూలి తిరిగొస్తాదా? సిగ్గుతో చచ్చిపోతి.

నీళ్లు వదిలే ఆయన దగ్గరికి నేనే పోయి అడిగినా. మోటరు కాలిపోయింది, ఈ వారం ఆశ పెట్టుకోవద్దన్నాడు. అట్నుంచటే నెట్ సెంటర్లోకి పోయినా. కౌన్సిలరమ్మను చూడంగానే కుర్రోళ్లు ఏం చూస్తాండిరో ఏమో, టకటకా మూసేసిరి. నేను చెప్పింది చెప్పినట్టు నా పేజీలో కొట్టమని నెట్ సెంటరాయనకు చెప్పినా. నీళ్లు ఈ వారం లేవు, మోటరు కాలింది, పనులకు పోండి, వచ్చే ముందురోజు ఈడనే చెప్తా.

మా ఆయన గల్లా పెట్టె వదిలేసి ఉరికొచ్చినాడు. లేదని ఎవరన్నా రాస్తారా, ఓట్లన్నీ పోతాయని తల పట్టుకున్నాడు. అంతలోకే పేజీలో దాని కింద ఎవరో అడిగిరి, ఇన్నాళ్లూ రేపు రేపన్నది ఎవరు మేడమ్ అని. నెట్ సెంటరాయన ఒకసారి నా పక్క, ఒకసారి మా ఆయన పక్క చూసినాడు.

"మా ఇంటాయన. ఇంక రాయడు. అట్లే కొట్టప్పా," అన్నా.