మద్రాసులో నాలుగో ఇల్లు

ఉండండి, ముందు ఆ టీ గ్లాసులు కింద పెట్టండి, చేతిలో ఉంటే ఒలికిపోతాయి! మొన్న మద్రాసులో నేను చేసిన ఘనకార్యం వింటే మీరు నన్ను ఓనరు అనరు, ఇంకేదో అంటారు.

నాకు మద్రాసులో ఇల్లుందని బుచ్చిరెడ్డిపాలెంలో అందరికీ తెలుసు. తెలియకుండా ఎట్టుంటుంది, నేనే చెప్పుకొని తిరిగినాను గదా! రాష్ట్రం వేరైతే ఏంది, పొద్దున నెల్లూరులో రైలెక్కితే మధ్యాహ్నానికల్లా అక్కడుంటాం. ఒకే తీరున ఉండే ఎనిమిది పెంకుటిళ్ళ వరుసలో మాది ఒకటి. కొన్నప్పుడు ఒక్కసారి చూసినా, అంతే. అద్దె బ్రోకరే వసూలు చేసి మనియార్డరు పంపిస్తాడు. అద్దెకున్నాయన మొహం నాకు తెలీదు, నా మొహం ఆయనకి తెలీదు. ఎంత హాయో!

ఆ ఇంటికోసం మా ఇంటామె రమణమ్మ చేతి గాజులు తీసిచ్చింది. రెండేళ్ళు ఊరుకొని, మొన్న పట్టుబట్టింది.

"నా గాజులు గోడలైనాయి గదా, ఎట్టుండాయో నేను చూడాల!"

"పద! నీకు నచ్చలేదంటే అమ్మేసి మళ్ళీ గాజులు చేయిస్తా" అని ఒట్టేసినా. నా ధైర్యం చూడండి!

ఆ వీధిలోకి పోయినాం. "మనది ఏదండీ?" అంది. "నాలుగోది" అన్నా ఠక్కున. వీధికి ఒక కొసన కాలువ, ఇంకో కొసన రోడ్డు. మనం మడి ఎట్టా లెక్కపెడతాం? నీళ్ళొచ్చే వైపు నుంచే గదా! కాలువ గట్టు నుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు... తలుపు కొట్టినా.

తమిళం తప్ప ఇంకోటి రాని ఒక పెద్దామె తలుపు తీసింది. ఇల్లు చూడాలని చేతులతో చూపించినా. ఆమె మొహం వెలిగిపోయింది! లోపలికి పిలిచి పైకి చూపించింది. కప్పులోంచి ఆకాశం కనిపిస్తా ఉంది. రమణమ్మ నా వైపు చూసింది. ఇల్లు పోయిందిరా నాయనా అనుకున్నా!

ఇంకేముంది, పంచె ఎగ్గట్టినా. గట్టు తెగితే కూలోళ్ళు వచ్చేదాకా కూర్చుంటామా? పెద్దామె నిచ్చెన చూపించింది. పెరట్లో కొత్త పెంకులు కూడా పేర్చి ఉన్నాయి. "మనకోసం తెప్పించి పెట్టింది, ఎంత మంచి మనిషో!" అన్నా. రమణమ్మ చెంగు దోపి పెంకులు అందించింది. మధ్యలో పెద్దామె పెరటి గుమ్మంలో ఆకేసి అన్నం పెట్టింది. ఓనరంటే ఎంత మర్యాదో అని పొంగిపోయినా!

సాయంత్రానికి కప్పులో ఒక్క చిల్లు లేదు. దిగబోతుంటే పక్కింటి అరుగు మీద నుంచి ఒకాయన తెలుగులో కేకేసినాడు.

"మేస్త్రీ! పని బాగా చేస్తావయ్యా. వీళ్ళ ఓనరు మంచోడు, చెప్పిన వారానికే నిన్ను పంపించాడు. రేపు మా ఇంటికీ రా. మా ఓనరెవరో నెల్లూరు రైతంట, రెండేళ్ళైనా మొహం చూపించలేదు!"

నిచ్చెన మీదే బిగుసుకుపోయినా. దస్తావేజులో ముక్క అప్పుడు గుర్తొచ్చింది. రోడ్డు వైపు నుంచి నాలుగో ఇల్లని రాసుంది! పక్కింటి కప్పు చూస్తే సగం పెంకులు లేవు, గోడలో రావిమొక్క మోకాలెత్తు పెరిగింది.

నేనే ఓనర్నని చెప్పే మొహం ఉందా నాకు? "రేపొస్తా సామీ" అన్నా. సత్రంలో పడుకొని, మూడు రోజులు నా ఇంటికి నేనే మేస్త్రీ, రమణమ్మ కూలి!

ఊరికొచ్చిన వారానికి బ్రోకరు ఉత్తరం వచ్చింది. మీరు పంపిన మేస్త్రీ పని అద్దెకున్నాయనకి బాగా నచ్చింది, ఇకమీదట ఓనరు రాకపోయినా ఫర్వాలేదంట, ఏటా ఆ మేస్త్రీని పంపిస్తే చాలంట!

ఉత్తరం మడిచి భయంభయంగా అడిగినా, "ఏమంటావ్, అమ్మేద్దామా?"

రమణమ్మ పడీపడీ నవ్వింది. "వద్దులేండి. ఇల్లు బాగానే ఉంది. ఓనర్నే మార్చాల!"