పిలుపు దూరం

వానలు మొదలవగానే ఒక రేకు డబ్బా మూత తీస్తాను. ముందు వేయించిన బియ్యం వాసన వస్తుంది, దాని వెనక చల్లటి ఇనుము వాసన. అరకు తేమకు లెన్సుల గాజు మీద బూజు పడుతుంది. బియ్యం వేయించి, చల్లార్చి, మూటకట్టి పక్కన పెడితే ఆ తేమను అది పీల్చుకుంటుంది. ఈ సంగతి నాకు ఎస్తేరమ్మ నేర్పింది. డబ్బాలో ఉన్నది ఆమె టెలికన్వర్టర్, లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించే పొట్టి గొట్టం. దూరాన ఉన్నదాన్ని రెండింతలు చేసి చూపిస్తుంది. అందుకు బదులుగా వెలుగును మింగేసి నాలుగో వంతే మిగులుస్తుంది.

ఎస్తేరమ్మ కొండ మనిషి. గూడెం కాదన్నా మిషన్ బడి మాస్టారిని పెళ్ళి చేసుకుంది, ఆ తర్వాత పుట్టింటివాళ్ళు ఆమెను గడప తొక్కనివ్వలేదు. ఆయన పోయాక అరకు బస్టాండు దగ్గర ఆయన పెట్టిన ఫోటో స్టూడియోను తానే నడిపింది. తొంభైల్లో నేను అక్కడ పనికి చేరాను. మా తాతగారు సాలూరు వైపు కొన్ని కొండ ఊళ్ళకు శిస్తు వసూలు చేసే ముఠాదారు. నా కాలానికి మిగిలింది ఇంటిపేరు, ఒకరి ముందు తల వంచని అలవాటు. సాలూరు దారిలోని మా బంగళా కూడా చేతులు మారింది. ఆ దారిన బస్సులో వెళ్ళవలసి వస్తే అటు చూసేవాణ్ణి కాదు. మొదటి రోజే ఎస్తేరమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

“ఏటి దొరబాబూ, కర్ర మింగినట్టు నిలబడ్డావు? కెమెరా నీకోసం ఎత్తు పెరగదు. నువ్వే ఒంగాల.”

“మా ఇంట్లో ఎవరూ జీతానికి పనిచేయలేదండీ,” అన్నాను.

“మా ఇంట్లో ఎవులూ ఫోటోలు తీయలేదు. బేగి ఒంగు.”

ఒంగాను. మరెవరైనా ఆ మాట అని ఉంటే వెనుదిరిగి వెళ్ళిపోయేవాణ్ణి.

మంచు విడిపోయిన రోజుల్లో ఆమె స్టూడియోకు తాళం వేసి, నన్ను వెంటబెట్టుకుని ఘాట్ రోడ్డు మలుపు దాకా నడిచేది. అక్కడ గెడ్డకు, ఆ కొండవాగుకు, అవతల ఆమె పుట్టిన గూడెం. గట్టిగా పిలిస్తే వినిపించే దూరం. ఆమె పిలిచేది కాదు. కెమెరాను స్టాండు మీద బిగించి, కన్వర్టర్ తొడిగి, ఒకే వాకిలిని చూసేది. పనసచెట్టు నీడలో వాళ్ళమ్మ చేటతో చోళ్లు చెరుగుతూ అటూ ఇటూ కదులుతుండేది. ఊరందరి మొహాలూ తీసిన ఎస్తేరమ్మ దగ్గర తల్లి ఫోటో ఒక్కటి కూడా లేదు. కన్వర్టర్ మింగగా మిగిలిన వెలుగు ఆ నీడలో చాలేది కాదు. షట్టర్ నెమ్మదిగా తెరుచుకుని మూసుకునేలోపు ముసలమ్మ కదిలిపోయేది. కడిగిన ప్రతి ఫిల్ములోనూ ఒక చీర మసకే మిగిలేది.

“ఒక్క కేక వేయొచ్చు కదండీ,” అన్నాను ఒకసారి.

“ఏత్తే అమ్మ వచ్చేత్తాది,” అంది కన్ను తీయకుండా. “వచ్చిందంటే మా అన్నలు దాన్నీ గడప తొక్కనియ్యరు. నా కాడుంటాదా అంటే, ఆ కొండ ఒదిలి ఒక్క రేత్రి పడుకోదు.”

ఒక చలికాలం ముసలమ్మ చేట పట్టుకోలేదు. పనస నీడ దాటి వచ్చి, ఎండలో పీట వేసుకుని, మా మలుపుకేసి తిరిగి కూర్చుంది. తల దువ్వుకుని ఉంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుంది. ఏనాడూ స్టూడియో గడప తొక్కని మనిషి, స్టూడియోలో కూర్చున్నట్టే కూర్చుంది. ఎస్తేరమ్మ కెమెరా దగ్గర్నుంచి వెనక్కి జరిగింది.

“నువ్వు నొక్కు దొరబాబూ. నేను ఉత్త కళ్ళతో సూసుకుంటాను.”

నొక్కాను. ఫిల్ము అయిపోయేదాకా నొక్కాను. అవతల ఆమె ఇంకా కదల్లేదు.

“సాల్లే అమ్మా, లెగు,” అంది ఎస్తేరమ్మ, పక్కనున్న నాకు మాత్రమే వినిపించేంత మెల్లగా. “ఎండ కొడతాంది.”

ఆ ఫోటోలో ముఖం వేలిగోరంత. కళ్ళు మాత్రం నేరుగా మనల్నే చూస్తాయి.

కొన్నేళ్ళకు, ఒక ఆషాఢంలో, సంతకు వచ్చినవాళ్ళు చెబితే ముసలమ్మ పోయిందని తెలిసింది. ఎస్తేరమ్మ గూడేనికి వెళ్ళలేదు. “శవం కాడ గొడవెందుకు,” అంది. మలుపు దాకా నడిచాం. గొడుగు కింద కెమెరా నిలబెట్టి, అలవాటు కొద్దీ కన్వర్టర్ తొడిగాను. ఆమె కన్ను ఆనించింది. వానమబ్బుకు లోపలంతా చీకటి.

“తీసెయ్యి.”

“తీస్తే చిన్నగా కనిపిస్తుందండీ.”

“సిన్నగానే ఉండనీ దొరబాబూ. ఎలుగుండాల.”

తీశాను. పాడె వాకిలి దాటి గెడ్డ వైపు దిగేదాకా ఆమె కన్ను తీయలేదు. షట్టర్ చప్పుడు వినిపించలేదు. పాడె వెదురుపొదల వెనక్కి వెళ్ళిపోతుండగా తల ఎత్తి, “అమ్మా!” అని పిలిచింది. అన్నేళ్ళూ దాచుకున్న కేక గెడ్డ దాటింది. మోస్తున్నవాళ్ళలో ఒకరు తల తిప్పి చూశారు. ఎవరో ఆనవాలు పట్టలేకపోయాను. వాన ఎక్కువైంది.

తర్వాత ఎస్తేరమ్మ కూడా చనిపోయింది, కన్వర్టర్ నాకు మిగిలింది. ఆమె చనిపోయిన ఏడాదే సాలూరు బస్సులో వెళ్తూ మా బంగళా దగ్గర దిగాను. కన్వర్టర్ సంచిలోనే ఉంది. తొడగలేదు. రోడ్డుకు ఇవతల నిలబడి చూశాను. పిట్టగోడ మీద ఎవరివో పిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి. బంగళా చిన్నగానే కనిపించింది. ఎండ బాగా కాస్తోంది.

ఇప్పుడు ఆ దారిన వెళ్ళేటప్పుడు అటువైపు కిటికీ సీటే చూసుకుని కూర్చుంటాను.