బస్సు ఆపించిన కాలు

ఎడమ పిక్కలో రక్తం గడ్డకట్టిందని తేలిన ఎనిమిది నెలలకు, మా చర్చి స్త్రీల సమాజం వాళ్లు కన్యాకుమారికి బస్సు మాట్లాడారు. నేనూ పేరిచ్చాను. వెళ్లవచ్చని డాక్టరు అన్నాడు. మాత్ర మానొద్దు, నీళ్లు బాగా తాగు, రెండు గంటలకోసారి దిగి నడువు అన్నాడు. ఎందుకో చెప్పలేదు. అది నేను నంద్యాల లైబ్రరీలో చదువుకున్నాను. బడిలో నేను చదివింది ఏడో తరగతే. తర్వాత చదివినదంతా ఆ లైబ్రరీ బల్లల దగ్గరే. నడిచినప్పుడు పిక్క కండ బిగిసి రక్తాన్ని పైకి తోస్తుంది. గంటల తరబడి కూర్చుంటే ఆ తోయడం ఆగిపోతుంది. ఇది మా వీధిలో నాకొక్కదానికే తెలుసని కాస్త గర్వం కూడా ఉండేది.

పుస్తకంలో లేని సంగతి ఒకటుంది. మా ఆడవాళ్లు బస్సెక్కే ముందు నీళ్లు తాగరు. దారిలో దిగడానికి చోటుండదు, ఆపమని డ్రైవరును అడగడానికి నోరు రాదు. నేనూ నలభై ఏళ్లు అట్లాగే ప్రయాణాలు చేశాను.

ప్రయాణం రోజు తెల్లవారుజామున నంద్యాలలో ఎక్కాం. నడవ పక్క సీటు అడిగితే మా ఆడబిడ్డ ఒప్పుకోలేదు.

"కిటికీ కాడ కూర్చో వదినా. కాలు కదిలించొద్దు. అయినా ఏందీ, ఒక కాలికే సాక్సు యేసుకుండావ్? రెండోదానికి దుడ్లు చాల్లేదా?"

వెనక సీట్లవాళ్లు కూడా నవ్వారు. అది కాల్లో రక్తం నిలవకుండా డాక్టరిచ్చిన బిగుతు సాక్సని చెప్పే ఓపిక లేక కిటికీ పక్కకు జరిగాను. ఆళ్లగడ్డ చేరేదాకా సీసా మూత తీయలేదు.

అక్కడ మిగతావాళ్లు ఎక్కారు. "ఇంక తిరుపతిలోనే ఆపేది" అన్నాడు డ్రైవరు. అంటే నాలుగైదు గంటలు. ఆళ్లగడ్డలో మా చెల్లెలుంది. బస్సు ఆపమని అడగలేకపోతే ఆమె ఇంటికి పోవడమే మేలనిపించి సంచి తీసుకుని లేచాను.

"యాడికి వదినా?"

"దిగిపోతాండా. నీళ్లు తాగకుంటే కాలికి చేటు. తాగితే బస్సు ఆపల్ల."

"అయితే అడుగు. అడగను నోరు లేదా?"

సంచితోనే డ్రైవరు దగ్గరికి పోయాను. పిక్క సంగతి, నడక సంగతి, చదివిందంతా చెప్పాను. అతను స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని విన్నాడు.

"కూర్చుండేవాళ్లందరికీ ఇట్లనే అయితాదామ్మా?"

"అందరికీ కాదప్పా. అయినా లేచి నడిస్తే మంచిది."

"నాకూ సాయంత్రానికి చెప్పులు పట్టవు" అంటూ కాళ్లు చూసుకున్నాడు. "సరే, కూర్చో పో. ఆపుతా."

మైదుకూరు దాటాక ఒక పెట్రోలు బంకులో ఆపాడు. నేనొక్కదాన్నే దిగుతాననుకున్నాను. బస్సులోని ఆడవాళ్లంతా దిగి, మరుగుదొడ్డి దగ్గర నా వెనక బారులు తీరారు.

అప్పట్నుంచి నా కాలు నాది కాకుండా పోయింది. ఎవరికి అవసరమొచ్చినా, "ఆపప్పా, అక్క కాలు గుంజుతాందంట" అని కేక. నాకు ఏ గుంజుడూ లేదు. కునుకు పట్టే వేళకు నన్ను లేపి, ముందు దించేవాళ్లు.

"ఏందమ్మా, నీ కాలికి గడియారం కట్టినావా?" అనేవాడు డ్రైవరు.

ఐదో రోజు మధ్యాహ్నం తిరుగుదారిలో ఆళ్లగడ్డ దాటాం. అంతా నిద్రపోతున్నారు. ఎండకు సాక్సు కింద చర్మం దురదపెడుతోంది, నడుము పట్టేసింది. కడపలో ఆపినప్పుడు నేను దిగనేలేదు. నంద్యాల ఇంకో గంట కూడా లేదు, ఇంటికి పోయాకే లేద్దామనుకున్నాను. చదివిందంతా గుర్తుంది, ఒళ్లే వినలేదు.

శిరివెళ్ల దగ్గర బస్సు ఆగింది. ఎవరూ అడగలేదు.

"దిగమ్మా" అన్నాడు డ్రైవరు.

"వద్దులేప్పా. ఇంక వచ్చేసినాం గదా."

"కడపలో కూడా నువ్వు దిగలే, నేను చూసినా. నువ్వు చెప్పినావనే నేనూ నడుస్తాండా ఈ ఐదు దినాలు. దా."

కమ్మీ పట్టుకుని దిగాను. అతను ముందు, నేను వెనక, ఎండలో బస్సు చుట్టూ నాలుగుసార్లు తిరిగాం. సీసాలో మిగిలిన వేడి నీళ్లు తాగేసి, మళ్లీ ఎక్కాను.