నాకు పెట్టిన బాలింత పథ్యం

ఆపరేషన్ అయిన మనిషికి పప్పు పెడితే కుట్ల దగ్గర చీము పడుతుందని మా అమ్మ నమ్మకం. గుడ్డు వేడి, పెరుగు నెమ్ము, వంకాయ దురద. ఇవన్నీ తీసేశాక బీరకాయ, పొట్లకాయ, మిరియాల చారు మిగులుతాయి. పాలకొల్లులో మా వీధిలో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. నేను హైస్కూల్లో లెక్కల మాస్టార్ని. ఇలాంటి నమ్మకాల మీద పిల్లలకి గంటలకొద్దీ ఉపన్యాసాలు దంచినవాణ్ణి. తీరా నా పొట్ట కోసేసరికి, నోరు మూసుకుని అమ్మ పెట్టింది తిన్నాను. అసలు ఆకలే లేనివాడికి బీరకాయైతే ఏమిటి, బిర్యానీ అయితే ఏమిటి?

పేగుకి చిల్లు పడిందని రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో హడావిడిగా ఆపరేషన్ చేశారు. పాడైన ముక్క తీసేసి, మిగిలిన రెండు కొసలనీ కలిపి కుట్టారు. లోపలి కుట్లు బాగానే నిలిచాయి. పైన చర్మం కింద మాత్రం చీము పట్టింది. దాంతో కొన్ని కుట్లు విప్పేసి గాయాన్ని తెరిచే ఉంచారు. అడుగునుంచి దానంతట అదే పూడుకు రావాలన్నారు. ఇంటికి వచ్చాక రోజూ పొద్దున్నే నా భార్య సెలైన్‌లో తడిపిన గాజ్ గుడ్డని ఆ గుంటలో పెట్టి కట్టు కట్టేది. ఆ పని ఆసుపత్రిలో నర్సు దగ్గర నేర్చుకుంది. అమ్మ గుమ్మంలో నిలబడి చూసేది.

"చూశావా, ఆసుపత్రిలో ఇడ్లీలోకి సాంబారు పోశారు. అందులో ఉండేది పప్పే కదా" అనేది.

వారాలు గడిచినా ఆ గుంట అలాగే ఉంది. చొక్కా వేలాడిపోతోంది, పాదాలు మాత్రం ఉబ్బాయి. చెకప్‌కి వెళితే డాక్టరు గారు గాయం చూసి మొహం చిట్లించారు. ఇది ఇలాగే ఉంటే ఇన్‌ఫెక్షన్ లోపలికి పాకుతుందని, అప్పుడు మళ్ళీ పొట్ట తెరవాల్సి వస్తుందని, ఇంకో ఆపరేషన్‌ని తట్టుకునే శక్తి నా ఒంట్లో లేదని చెప్పారు. చెప్పి, డైటీషియన్ దగ్గరికి పంపించారు. ప్రాణం మీదికొస్తే మెనూ కార్డు రాసేవాళ్ళ దగ్గరికి పంపిస్తారేంటి అని విసుగొచ్చింది.

ఆ డైటీషియన్ చిన్న వయసు అమ్మాయి. ముందు బరువు చూసింది. జబ్బ చుట్టూ టేపు పెట్టి కొలిచింది. పిక్క పట్టుకుని చూసింది. తర్వాత పిడికిలి పట్టు కొలిచే పరికరం ఒకటి చేతికిచ్చి, గట్టిగా నొక్కమంది. పదో తరగతి వాళ్ళ చెవులు మెలిపెట్టిన చెయ్యి నాది. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది.

"మీ కండ కరిగిపోతోందండి. తిండిలో దొరకని మాంసకృత్తుల్ని ఒళ్ళు మీ కండల్లోంచే తీసుకుంటోంది. దాంతోనే గుండెనీ ఊపిరినీ నడుపుకుంటోంది. గాయం దాకా ఏమీ మిగలట్లేదు" అంది.

నేను బిత్తరపోయాను. నేను బీరకాయ కూర మీద సణుక్కుంటూ పడుకున్నప్పుడల్లా, నా ఒళ్ళు తన చేతుల్నీ కాళ్ళనీ తీసి గుండెకి పెడుతోందన్నమాట. ఒక్కమాట నన్ను అడగలేదు. అంత బుద్ధి నాకు ఏ రోజూ లేదు.

"నిన్న ఏం తిన్నారండి?" అని ఆ అమ్మాయి అడిగితే నా బదులు, వెంట వచ్చిన అమ్మే చెప్పింది.

"పొద్దున్న పాలల్లో బ్రెడ్డు ముంచి పెట్టానండి. మధ్యాహ్నం బీరకాయ కూర, చారన్నం. రాత్రికీ అదేనండి. పథ్యం కట్టుదిట్టంగా చేయిస్తున్నానండి."

"పప్పూ, గుడ్డూ?"

"అమ్మో! చీము పట్టెయ్యదాండీ?"

నేను ఉపన్యాసం మొదలుపెట్టబోయాను. ఆ అమ్మాయి చెయ్యెత్తి నన్ను ఆపేసింది. హెడ్మాస్టరు గారు తప్ప నన్నెవరూ అలా ఆపలేదు. ఆపి, అమ్మ వైపు తిరిగింది.

"మీ కోడలు గారికి పురుడొచ్చినప్పుడు ఏం పెట్టారండి?"

"తనకీ పొట్ట కోసే తీశారండి బిడ్డని. పాలసొర చేప తెప్పించి, వెల్లుల్లి దండిగా వేసి పిట్టు చేసి పెట్టాను."

"కుట్లకి చీము పట్టిందాండి?"

"ఎందుకు పడుతుందండీ? బాలింతకి సొర పథ్యం కదా!"

"మాది మొగల్తూరేనండి, మా ఇంట్లోనూ అదే పెడతారు. మరి మీ అబ్బాయి గారికీ పొట్ట కోశారు కదండీ. సొర పెడితే?"

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "మగాడికాండీ?" అంది.

"కోసిన పొట్టకి ఆడా మగా తెలీదండి. కారం తగ్గించి, మెత్తటి అన్నంలో కలిపి పెట్టండి. ఒకేసారి ఎక్కువ తినలేరు, రోజులో చాలాసార్లు కొంచెం కొంచెం పెట్టండి. గుడ్డు సంగతి తర్వాత చూద్దాం."

ఆ మర్నాడే మా ఇంటికి సొర వచ్చింది. అమ్మ దాన్ని ఉడకబెట్టి, ఇసకలా గరగరలాడే తోలు ఒలిచి, ముళ్ళు ఏరి, నీళ్ళు పిండేసి, పొడిపొడిగా చిదిమి, వేయించి పిట్టు చేసేది. చేపలమ్మే ఆవిడ "ఎవరండీ బాలింత?" అని అడిగితే "మా అబ్బాయే" అని చెప్పిందట. ఇంకేముంది, వీధిలో వెళ్ళేవాళ్ళందరూ కిటికీలోంచి తొంగిచూసి, "ఏమండీ మాస్టారూ, మగపిల్లాడా, ఆడపిల్లా?" అని పలకరించడం. నాకు ఒళ్ళు మండేది. నవ్వితే కుట్లు లాగేవి. అయినా తిన్నాను. పొద్దున్న రెండు ముద్దలు, ఇంకాసేపటికి రెండు ముద్దలు. అమ్మ గిన్నె పట్టుకుని మంచం పక్కనే కూర్చునేది, తినేదాకా లేచేది కాదు.

కొన్నాళ్ళకి కట్టు మారుస్తూ నా భార్య, "గుడ్డ ఇదివరకంత పట్టట్లేదండి" అంది. అద్దం తెమ్మని చూసుకున్నాను. పాలిపోయి ఉండే ఆ గుంట అడుగున ఎర్రటి కండ లేచింది, దానిమ్మ గింజలు పేర్చినట్టు. చూస్తూ ఉండిపోయాను. సముద్రంలో తిరిగిన చేప మా వంటింట్లోకి వచ్చి నా పొట్టలో నేనైపోతోంది. ఇన్నేళ్ళు లెక్కలు చెప్పాను కానీ ఈ లెక్క నాకు అంతుపట్టలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో, చర్మం మట్టానికి వచ్చాక ఎక్కడ ఆగాలో ఆ కండకి చెప్పింది ఎవరు? చదువూ సంధ్యా లేని ఆ కండ ముందు నాకు చేతులు జోడించాలనిపించింది. జోడించాను కూడా. నా భార్య నవ్వింది.

ఆ తర్వాత ఒక పొద్దున్న గాజ్ గుడ్డ పెట్టబోతే పెట్టడానికి చోటు లేదు. అదే వారం రాజమండ్రి వెళితే డాక్టరు గారు గాయం చుట్టూ వేళ్ళతో నొక్కి చూసి, ఇంకో ఆపరేషన్ మాట ఇక మర్చిపొమ్మన్నారు. నేను లేచి ఆయన చేతులు పట్టుకున్నాను.

ఇంటికొచ్చి నేను పడుకున్నాక అమ్మ పక్కన కూర్చుంది. చొక్కా పక్కకి తీసి, ఆ గులాబీ రంగు చర్మం మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంచింది.

"నిన్ను మోసినన్నాళ్ళూ లోపల ఏం జరుగుతోందో నాకు కనపళ్ళేదురా" అంది. "ఇప్పుడు చూశాను."