సాటి చరిత్రకారుడు

కడపలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. ఫ్రెంచి విప్లవం మీద నోట్సు చెప్పడం, పిల్లలు రాసుకోవడం, పేపర్లు దిద్దడం. ఏం చేస్తావని ఎవరైనా అడిగితే లెక్చరర్‌నని చెప్పేవాణ్ణే గానీ, చరిత్రకారుణ్ణి అనే మాట నా నోట ఎప్పుడూ రాలేదు.

ఇంటర్నెట్‌లో తెలుగు రాయొచ్చని తెలిసిన కొత్తలో ఒక బ్లాగు మొదలుపెట్టాను. సెలవు రోజుల్లో కమలాపురం చుట్టుపక్కల ఊళ్లకు పోయి, ముఠా కక్షల్లో మొగుళ్లను పోగొట్టుకున్న ఆడవాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసేవాణ్ణి. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి ప్రొఫెసర్లు వ్యాఖ్యలు పెట్టేవారు. ఒక పెద్దాయన నన్ను ‘సాటి చరిత్రకారుడు’ అన్నాడు. మర్నాడే బ్లాగులో నా పేరు కింద కాలేజీ పేరు తీసేసి ‘చరిత్రకారుడు’ అని పెట్టుకున్నాను.

ఒకామె భర్తను బస్టాండులో టీ తాగుతుండగా వేటకొడవళ్లతో నరికారు. అడ్డం పోయిన ఆమె చేతి మీదా ఆ గాటు ఉంది.

“నరికినోళ్ల పేర్లు రాయి సారూ. నేనే చెప్పినానని గూడా రాయి” అంది.

రాశాను. ఎవరో దాన్ని ప్రింటు తీసి ఆ ఊళ్లో పంచారు.

కొద్దిరోజులకే, మధ్యాహ్నం అన్నాల వేళ నలుగురు స్టాఫ్‌రూములోకి వచ్చారు.

“ఇంటర్నెట్లో మా అన్న పేరు రాసింది నువ్వేనా?”

“నేనే.”

ఇనప పైపు భుజం మీద పడింది. కింద పడ్డాను. ఒకడు నా కుడిచేతిని బల్ల మీదికి లాగి అదిమిపట్టాడు. ఇంకొకడు కొట్టాడు. వేళ్లు విరిగిన చప్పుడు విన్నాను.

“పాఠాలు చెప్పుకుంటాంటే సారూ అంటాం. మా జోలికొస్తే ఈడనే నరుకుతాం” అన్నాడు వాడు, పైపు మళ్లీ ఎత్తుతూ.

ఎకనామిక్స్ మేడమ్ ఇనప కుర్చీ ఎత్తి వాడి మొహం మీద కొట్టింది. రెండోవాడు ఆమెను అద్దాల బీరువా మీదికి తోశాడు. ఆమె నుదురు చీలి చీరంతా రక్తమైంది. ఆ కేకలకు పిల్లలు పరిగెత్తుకొచ్చారు. పోతూ పోతూ వాళ్లు కంప్యూటర్ పగలగొట్టి పోయారు.

ఆస్పత్రికి ప్రిన్సిపాల్ వచ్చాడు. “అదంతా తీసేయప్పా. నువ్వు లెక్చరర్‌వి, నీకెందుకీ చరిత్రలు?”

బ్లాగులో పరామర్శలు శానా వచ్చాయి. ఆ పెద్దాయన మాత్రం తన పాత వ్యాఖ్యను చడీచప్పుడు లేకుండా తీసేసుకున్నాడు. దెబ్బలకు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

పేర్లు రాయమన్న ఆమె ఇల్లు తగలబెట్టారట. ఆత్మకూరులో చెల్లెలి దగ్గరికి పోతూ నన్ను చూడ్డానికి వచ్చింది.

“తీసేస్తాండావా సారూ?”

“నీకేమన్నా అయితే?”

“అయ్యేదంతా అయిపోయినాది. తీసేస్తే నేను అబద్ధం చెప్పినట్టయితాది.”

తీయలేదు. ఎడమచేత్తో టైపు చేసి, జరిగింది కూడా రాశాను. కోర్టులో తోటి లెక్చరర్లు ఏమీ చూడలేదన్నారు. ఎకనామిక్స్ మేడమ్ ఒక్కతే నుదుటి మచ్చతో బోనెక్కి నలుగురినీ వేలెత్తి చూపించింది. ఇద్దరికి శిక్ష పడింది. నన్ను రాయచోటికి బదిలీ చేశారు.

రెండు వేళ్లు ఇప్పటికీ వంగవు. రాయచోటిలో మొదటిరోజు బోర్డు మీద ఏమీ రాయలేక, మీ ఊళ్లో ఏం జరిగిందో చెప్పమని పిల్లల్ని అడిగాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి నిలబడింది.

“మా నాయనను సంపినారు సార్” అంది.